ట్రైలర్ వెనక నంబరు

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆషెర్ అంకుల్ తన బూడిదరంగు చిన్న ఎస్‌యూవీ తీసుకుని వచ్చేసరికి ఇంట్లో కెజియా ఒక్కతే ఉంది. అమ్మ బాలమణి ఏడింటికే ఎర్రకారు వేసుకుని వెళ్లిపోయింది. ఒక ముసలామెకు స్నానం, ఇంకొకాయనకు మాత్రలు, మరొకరికి టిఫిను, అలా సాయంత్రం దాకా ఇంటింటికీ తిరగడమే ఆమె ఉద్యోగం. నాన్న రత్నబాబు వేర్‌హౌస్‌లో ఆరింటి షిఫ్టుకు పోయాడు. పోతూ పోతూ మెట్ల కింద నుంచి కేకేశాడు.

"అంకుల్ మన ట్రైలర్ కోసం వస్తాడు. కారు నడపడంలో ఆయన్ని మించినోళ్లు లేరు గానీ ట్రైలర్ సంగతి ఆయనకి తెలవదు. దగ్గరుండి కారుకి తగిలించమ్మా."

కెజియాకు పదిహేడేళ్లు. రేపల్లె పక్కన పల్లెలో పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఏడాదిన్నర కిందట ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ వచ్చింది. బయటివాళ్లతో మాట్లాడాలంటే ముందు ఆమె నోరు ఎండిపోతుంది. ట్రైలర్ దగ్గర ఆ బాధ లేదు. చేతులకు పని ఉంటే చాలు.

"ఏమ్మా మూగపిల్లా, ఇంకా మాటలు రాలేదా?" అంటూ ఆషెర్ కారు దిగకుండానే కిటికీలోంచి నవ్వాడు. ఊళ్లో తెలుగు క్రైస్తవ సహవాసానికి ఆయన సెక్రటరీ, అక్కడి ఆడవాళ్లకు కారు నేర్పేదీ ఆయనే. లండన్ పక్క హేస్‌లో ఏదో హాలు మూసేస్తున్నారట, అక్కడి నుంచి నలభై కుర్చీలు ఊరికే ఇస్తున్నారట. మూడింటికి సహవాసంలో క్వయర్ పాటల ప్రాక్టీసు, ఆలోపు తెచ్చెయ్యాలి.

కెజియా రెండు చేతులూ ఊపుతూ వెనక్కి రమ్మంది. కారు వెనకున్న ఇనుప బంతి ట్రైలర్ మూతి కిందికి వచ్చేదాకా రానిచ్చి, అరచెయ్యి నిలబెట్టి ఆపింది. ట్రైలర్ ముందుండే చిన్న చక్రం పిడి తిప్పుతూ మూతిని కిందికి దింపితే అది బంతి మీద టక్కున కూర్చుంది. సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి మూతిని పైకి లాగింది. ట్రైలర్‌తో పాటు కారు వెనకభాగం కూడా కాస్త లేచింది. గొలుసు తగిలించింది. ముందు చక్రాన్ని పైకెత్తి బిగించింది. లైట్ల వైరు ప్లగ్గుకుండే గాడి చూసుకుని లోపలికి నెట్టి తిప్పింది. తర్వాత ట్రైలర్ వెనక్కి వెళ్లి నిలబడింది.

"ఎడమది ఎయ్యండి అంకుల్."

ఎడమ లైటు ఆరుతూ వెలిగింది. కుడి కూడా. బ్రేకు కూడా.

ఆ లైట్ల మధ్యలో పసుపు పలక మీద అమ్మ ఎర్రకారు నంబరు ఉంది. నాలుగు మూలలా నాలుగు మరలు.

ట్రైలర్ అమ్మిన ముసలాయన ఆ రోజు కెజియా ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా రెండుసార్లు చెప్పాడు. ఏ కారు లాగితే ఆ కారు నంబరే వెనక ఉండాలని, అందుకే మార్చుకోవడానికి వీలుగా క్లిప్పులు ఇస్తున్నానని. ఆమె నాన్నకు ఆ మాట చెప్పింది. నాన్న పెద్దగా నవ్వాడు. "మన ట్రాక్టరు ట్రక్కుకి దాని నంబరు దానికి ఉండదా ఏంది? పెళ్లిళ్లకి ఇచ్చే గిన్నెల మీద పేరు కొట్టిస్తామా లేదా? పేరు లేకపోతే అది మళ్లీ మన గడప తొక్కుద్దా?" అని క్లిప్పులు డబ్బాలో పడేసి మరలు బిగించాడు. అప్పటి నుంచి నలుగురు తీసుకుపోయారు, నలుగురూ తిరిగి తెచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. ముసలాయన చెప్పింది ఇంకేదో అయి ఉంటుందని కెజియా కొన్నిసార్లు అనుకుంది. ఇంకొన్నిసార్లు కాదేమో అనుకుంది.

"అంకుల్..." అంది.

ఆయన దిగొచ్చి గొలుసు లాగి చూసి, ప్లగ్గు తట్టి చూసి, ఆమె తల నిమిరాడు. "శెభాష్. మగపిల్లలకి కూడా ఇంత పద్ధతిగా రాదు. నువ్వు చూశావంటే ఇంక నేను చూడక్కర్లా."

ఆ మాట తర్వాత ఆమెకు నోరు రాలేదు. ఖాళీ ట్రైలర్ గడగడమంటూ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

మళ్లీ శుక్రవారం కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద ఏజెన్సీ యూనిఫాం, కాళ్లకు బూట్లు అలాగే ఉన్నాయి. చేతిలో ఉత్తరం.

"ఇది చదివి చెప్పవే. నాకు సగం అర్థమవుతుంది, ఆ సగమే భయంగా ఉంది."

కెజియా పక్కన కూర్చుని చదివింది. పోయిన శనివారం, పదకొండు యాభై రెండు. యాభై మైళ్ల వేగం దాటకూడని రోడ్డు మీద అరవై ఏడు. కారు నంబరు అమ్మదే. కారు అమ్మ పేరున ఉంది కాబట్టి, ఆ సమయంలో నడిపింది ఎవరో ఇరవై ఎనిమిది రోజుల్లో ఈ ఫారం నింపి పంపాలి.

"శనివారమా?" బాలమణి ఫోను తీసి ఆ రోజు పని చూసుకుంది. "పదకొండున్నర నుంచి పన్నెండుంపావు దాకా డోరతీ గారింట్లో ఉన్నానే. ఆమెకి తల దువ్వుతుంటే కిటికీలోంచి మన కారు కనబడతానే ఉంది. దాని మీద పిల్లి కూడా ఎక్కి కూర్చుంది." మళ్లీ తనే అంది. "ఏమో. వచ్చేటప్పుడు ఏమన్నా ఆ రోడ్డు ఎక్కానా? నిద్ర చాలక ఈ మధ్య ఏ ఇంటికి ఎటు పోతున్నానో నాకే తెలవట్లా."

"నువ్వు ఎక్కలేదమ్మా. ఆ రోడ్డు ఇక్కడ లేదు. హేస్ వైపు ఉంది."

"మరి కారు ఎట్టా పోయింది?"

కెజియా ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. 

అమ్మ భయమేమిటో ఆమెకు తెలుసు. కిందటి అక్టోబరులో లైసెన్సు వచ్చింది, మార్చిలో ఒక తప్పుకు దాని మీద మూడు శిక్ష పాయింట్లు పడ్డాయి, ఇప్పుడు ఇంకో మూడు పడతాయి. కొత్తగా పాసైన వాళ్లకు రెండేళ్లలోపు ఆరు పడితే లైసెన్సు రద్దు. లైసెన్సు లేకపోతే ఇంటింటికీ తిరిగే ఆ ఉద్యోగం లేదు. ఆ ఉద్యోగం మీదే ముగ్గురి వీసాలూ ఉన్నాయి.

రత్నబాబు షిఫ్టు నుంచి వచ్చి విషయం వినగానే, "ఎవడో దొంగ నా కొడుకు మన నంబరు కొట్టించుకుని తిరుగుతున్నాడు!" అని బయటికి పరిగెత్తాడు. ఎర్రకారు ముందు పలక గోటితో గీకి చూశాడు. వెనక్కి పోయి వెనక పలక గీకాడు. అటూ ఇటూ వంగి చక్రాల కింద చూశాడు. అలా తిరుగుతూ, ఆ శనివారమే తిరిగొచ్చి పక్కనే నిలిపి ఉన్న ట్రైలర్‌ని మోకాలితో గుద్దుకుని, "అబ్బా, ఇదొకటి అడ్డం" అని దాన్ని తిట్టుకుంటూ లోపలికి వచ్చాడు.

కెజియా కిటికీలోంచి అదంతా చూసింది. 

"ఫొటో ఉంటదంట నాన్నా. ఉత్తరం మీదున్న ఈ నంబరు కొడితే కనబడుద్దంట."

ల్యాప్‌టాప్ ముందు ముగ్గురూ కూర్చున్నారు. ఫొటో పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది. ముందు ఆకాశం, తర్వాత ఎత్తుగా నీలం పట్టా. పట్టా అంచు కింద నుంచి బయటికి పొడుచుకొచ్చిన కుర్చీకాళ్లు. ఆ కింద పసుపు పలక, దానికి రెండు పక్కలా ఎర్రటి త్రికోణాలు. లాగుతున్న కారు పట్టా వెనక ఎక్కడో ఉండిపోయింది.

రత్నబాబు తెర దగ్గరికి వంగాడు.

"ఇది మన ట్రైలరు కదా" అన్నాడు రత్నబాబు.

"ఉత్తరంలో కారు నంబరు అంటున్నారే?" అంది బాలమణి.

"అదే, కారు నంబరే కదా ట్రైలర్‌కి కూడా పెట్టింది."

"ఒకే నంబరు రెండిటికీ ఎట్టా ఉంటదయ్యా? ఇది ఒకచోట, అది ఒకచోట తిరిగితే వాళ్లకేం తెలుసుద్ది?"

 రత్నబాబు కూతురి వైపు తిరిగాడు. ఆమె తెర మీదున్న ఎర్ర త్రికోణాల వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ ఆషెర్ ఇంటికి వెళ్లారు. ఊరి అవతల కొత్తగా కట్టిన ఇళ్లలో ఆయనది మూలమీది ఇల్లు. మారి నాలుగు నెలలే అయింది, ఇంకా కొన్ని పెట్టెలు విప్పలేదు. నీలిమ ఆంటీ టీ, కారప్పూస తెచ్చి బల్ల మీద పెట్టింది. బాలమణి ప్లాస్టిక్ కవరులో పెట్టుకొచ్చిన ఫారాన్ని ఒళ్లో నుంచి తియ్యలేదు. రత్నబాబే ఫోనులో ఫొటో చూపించి జరిగింది చెప్పాడు, మధ్యమధ్యలో తప్పు తనదైనట్టు నవ్వుతూ.

ఆషెర్ ఫొటో పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు. "కుర్చీలు మనయ్యే. నంబరు నాది కాదే?"

"మాదన్నా."

"మరి నాకు రాకుండా మీకు రావడమేంది?"

అది అర్థం కావడానికి ఆయనకు ఇంకో రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక ఫోను బల్ల మీద బోర్లించాడు. టీ కప్పు ఎత్తి, తాగకుండానే దించాడు.

"అరవై ఏడా?" అంది నీలిమ వంటింటి గుమ్మంలో నుంచి. "యాభై ఉన్నచోట? ట్రైలర్ పెట్టుకుని?"

"మూడింటికి క్వయరు ఉందని చెప్పాగా" అన్నాడు ఆయన అటు చూడకుండా. తర్వాత గొంతు తగ్గించాడు. "రత్నం, ఒక మాట. పద్నాలుగేళ్ల నుంచి నా లైసెన్సు మీద చుక్క పడలా. పాయింటు పడితే ఆఫీసులో మేనేజరుకి చెప్పుకోవాలి. అదన్నా పర్లేదు. సహవాసంలో ఆడోళ్లందరికీ ముప్పై అంటే ముప్పై అని చెప్పేది నేను. రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అయ్యో, మీకు రానిస్తామా అన్నా."

"నీకు ఒక్క పాయింటు కూడా లేదు గదా. మూడు పడ్డా ఆరు కావు, నీ లైసెన్సుకేం కాదు. డ్రైవరు అన్నచోట నీ పేరు రాస్తే చెల్లెమ్మ లైసెన్సూ నిలబడుద్ది, నా పరువూ నిలబడుద్ది. మూడు పాయింట్లు, నాలుగేళ్లకి అవే పోతయ్."

"అంతే కదా! నేను రాత్రంతా ఏందేందో అనుకున్నా." రత్నబాబు ముఖం విచ్చుకుంది. "పాపా, ఆ ఫారం తీసుకో. నా పేరు రాయి."

ఇంట్లో ఫారాలన్నీ కెజియానే నింపుతుంది. స్కూలువి, బ్యాంకువి, డాక్టరు క్లినిక్కువి. అమ్మ కవరులో నుంచి తీసి ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసింది. నాన్న చెప్పింది బాగానే ఉంది. అమ్మ ఉద్యోగం పోదు, అంకుల్‌కి ఇబ్బంది లేదు, నాన్న కూడా సంతోషంగానే ఉన్నాడు. ఎవరికీ నష్టం లేనప్పుడు తన పెన్ను ఎందుకు కదలడం లేదో ఆమెకు అర్థం కాలేదు.

"అంకుల్" అంది, కాగితం వైపే చూస్తూ. "ఆ నంబరు మార్చాలని నాకు తెలుసు. ఆ రోజు మీకు చెబుదామనుకున్నా. చెప్పలేదు."

రత్నబాబు చేతిలో కప్పు బల్ల మీద పెట్టాడు.

"తెలుసా?" ఆషెర్ వెనక్కి వాలాడు. "చూశావా రత్నం! తెలిసి కూడా చెప్పలేదంట. నీ నంబరు పెట్టుకుని తిరుగుతున్నానని నాకు తెలిస్తే నేను ముట్టుకునేవాణ్ణా దాన్ని?"

"నోరుంది గదే చెప్పడానికి!" అన్నాడు రత్నబాబు. ముఖం ఎర్రబడింది. "అన్న ముందు మా పరువు తీశావు గదా."

నాన్నకు ఆమె ముందే చెప్పింది. క్లిప్పులు చేతిలో పట్టుకుని మరీ చెప్పింది. ఆ మాట ఇప్పుడు అనాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండగానే, అనే సమయం దాటిపోయింది.

"సరేలే, చిన్నపిల్ల" అన్నాడు ఆషెర్, ఇప్పుడు మామూలు గొంతుతో. "అయిందేదో అయింది. రాయమ్మా."

ఆమె రాయడం మొదలుపెట్టింది.  నాన్న పేరులో మూడు అక్షరాలు రాసింది.

"అడుగున ఏం రాసుందే?" అని అడిగింది బాలమణి. వచ్చిన దగ్గర్నుంచి ఆమె మాట్లాడడం అదే మొదలు. "నా సంతకం పెట్టేచోట పైన సన్నంగా ఉందే, అది."

"అది అన్నిట్లో ఉండేదే చెల్లెమ్మా. చదవక్కర్లా."

కెజియా పెన్ను ఆపింది. అంకుల్ వైపు చూసింది, నాన్న వైపు చూసింది. ఇద్దరూ వద్దన్నట్టే చూస్తున్నారు. ఆమె నోరు మామూలుగానే ఎండిపోయింది. ఎండిన నోటితోనే చదివింది, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో.

"నేను పైన ఇచ్చిన వివరాలు నిజమని చెబుతున్నాను. తెలిసి అబద్ధం రాస్తే నా మీద కేసు పెట్టవచ్చని నాకు తెలుసు. అమ్మా, నేను అంటే నువ్వు. సంతకం నీది కాబట్టి."

బాలమణి భర్త వైపు తిరిగింది. "ఆ శనివారం పదకొండు యాభై రెండుకి నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, పనిలో."

"టైము రాసే మిషను మీద వేలు పెట్టి లోపలికి పోతారుగా మీరు?"

"పోతాం. అయితే ఏంది? అక్కడికి వచ్చి ఎవరు చూస్తారు బాలమణీ?"

ఆమె ఒళ్లో ఉన్న ఖాళీ కవరుని నాలుగు మడతలు పెట్టింది. "మాకు మొదటి రోజు ఏం నేర్పారో తెలుసా? ప్రతి ఇంట్లో ఒక పుస్తకం ఉంటది. ఏం చేస్తే అదే అందులో రాయాలి. స్నానం చేయిస్తే చేయించానని, ఆమె వద్దంటే వద్దన్నదని. ఇయ్యని మాత్ర ఇచ్చినట్టు రాస్తే, తర్వాత వచ్చినోళ్లు ఇంకోటి ఇయ్యరు. ఆ మనిషి పోతది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పోని ఇంటికి పోయినట్టు రాసింది. ఒకే ఒక్క లైను. ఆ సాయంత్రమే తీసేశారు."

"అదీ ఇదీ ఒకటా?" అన్నాడు రత్నబాబు.

"నాకు తెలవదయ్యా. ఒకటో కాదో నాకు తెలవట్లా. చెయ్యి మాత్రం రావట్లా." ఆమె కూతురి వైపు తిరిగింది. "ఆ మూడక్షరాలు కొట్టేసెయ్. నడిపినోళ్ల పేరు రాయి. పక్కన జాగా ఉంటే, మా ట్రైలరు మేమే ఇచ్చామని, నంబరు మార్చకపోవడం మా తప్పని అది కూడా రాయి."

"బాలమణీ" అన్నాడు ఆషెర్.  "నా ఇంట్లో కూర్చుని నా పేరే రాయిస్తున్నావా? ఏడు నెలలు ఎండనకా వాననకా పక్కన కూర్చుని నీకు కారు నేర్పానే."

"మీరు నేర్పిందేగా అన్నా నాకు అన్నం పెట్టేది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం అలాగే ఉంది. "మీ దయ నేను మర్చిపోను. అదడిగితే వేరే కాగితం మీద ఎన్నిసార్లయినా రాసిస్తాను. ఈ కాగితం అది అడగట్లేదు."

రత్నబాబు తల దించుకుని కారప్పూస పలుకుల్ని వేలితో ఒకచోటికి చేర్చడం మొదలుపెట్టాడు.

కెజియా మూడక్షరాలూ కొట్టేసింది. ఒకే గీత, వంకర పోకుండా. పైన ఆషెర్ అంకుల్ పేరు రాసింది. తర్వాతి గడి దగ్గర ఆగింది. అందులో ఏం కావాలో ఆమెకు తెలుసు, ఎలా అడగాలో తెలియలేదు.

"లైసెన్సు నంబరు కావాలి" అంది చివరికి, గోడకు చెప్పినట్టు.

 వంటింట్లో ఏదో మూత పెట్టిన చప్పుడయింది. నీలిమ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, తలుపు వెనక తగిలించి ఉన్న భర్త కోటు జేబులో నుంచి పర్సు తీసింది. పర్సులోంచి కార్డు తీసి కెజియా ముందు పెట్టింది. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

కెజియా కార్డు చూసి ఒక్కొక్క అంకె దించుకుంది. పుట్టినతేదీ రాసింది. ఆషెర్ కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆయన భుజం మాత్రం కనబడుతోంది. ఆయన కోపంగా ఉన్నాడో, ఏడుస్తున్నాడో, లేక బయట ఆపిన కార్లని లెక్కపెడుతున్నాడో ఆమెకు తెలియలేదు. తను చేస్తున్నది మంచిపనో చెడ్డపనో కూడా అంతకన్నా బాగా తెలియలేదు. గడి తర్వాత గడి ఉంది కాబట్టి రాస్తోంది.

అడ్రసు గడి వచ్చింది. కార్డు మీదున్న అడ్రసులో మొదటి లైను రాయబోయింది.

"అది కాదు."

అందరూ తలెత్తారు. ఆషెర్ ఇటు తిరగలేదు.

"అది పాత ఇల్లు. నేను మార్పించలేదు. అది రాస్తే ఉత్తరం అక్కడికి పోతుంది. అక్కడున్నోళ్లు చించి అవతల పారేస్తారు, నాకు అందదు." కిటికీ వైపే చూస్తూ అన్నాడు.  "ఈ ఇంటి నంబరు పదహారు. రాసుకో."

కెజియా పదహారు రాసింది.

ఆయన వీధి పేరు చెప్పి, ఆమె పెన్ను ఆగేదాకా ఆగాడు. తర్వాత ఊరు చెప్పాడు. మళ్లీ ఆగాడు. తర్వాత పోస్ట్‌కోడు, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, కొత్తగా స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు చెప్పినంత నెమ్మదిగా.